‘పాస్టరమ్మ’ అంటే ఎవరు?

డాక్టరమ్మ అంటే వైద్యం చేసే ఆమె. పంతులమ్మ అంటే పాఠం చెప్పే ఆమె. పాస్టరమ్మ అంటే మాత్రం మన క్రైస్తవ సంఘాల్లో పాస్టరు గారి భార్య. చివర చేరింది అదే ‘అమ్మ’. మరి అర్థం ఎందుకు మారింది?

ఇది వ్యాకరణం చేసిన పని కాదు. ప్రసంగ వేదిక మీద స్త్రీని నిలబెట్టని చోట ఆ మాటకు అసలు అర్థం పుట్టే వీలే లేకపోయింది. చిన్నప్పటి నుంచి నేను చూసిన పాస్టరమ్మలు స్త్రీల కూడికలో వాక్యం చెప్పేవారు, సండే స్కూలు నడిపేవారు, జబ్బుపడిన వారి ఇళ్లకు వెళ్లి ప్రార్థించేవారు. ఇంత సేవ చేసినా వారికి ఆ పేరు వచ్చింది పెళ్లి వల్లనే. ఇది నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం.

మన బైబిలు అనువాదకులు ఇలా చేయలేదు. రోమీయులకు 16:1లో పౌలు ఫీబే అనే స్త్రీని గ్రీకులో ‘దియాకొనోస్’ (పరిచర్య చేసేవారు) అన్నాడు. ఫిలిప్పీయులకు 1:1లో సంఘ పెద్దలతో కలిపి చెప్పినదీ ఆ మాటే. కింగ్ జేమ్స్ ఇంగ్లీషు అనువాదం పురుషులను ‘డీకన్లు’ (సంఘంలో పరిచర్య పదవి ఉన్నవారు) అని, ఫీబేను ‘సర్వెంట్’ అని విడదీసింది. తెలుగులో అక్కడ ‘పరిచారకులు’, ఇక్కడ ‘సంఘపరిచారకురాలు’. ఒకే మాట, స్త్రీలింగంలో. కానీ తర్వాతి వచనంలోనే ఫీబేను ‘సహాయురాలు’ అన్నారు. మూలంలోని ‘ప్రొస్తాతిస్’కు పోషకురాలు, అండగా నిలిచిన ఆమె అనే బలం ఉంది. అది ఇక్కడ తగ్గింది.

ఒక సభ్యురాలు: మరి పెళ్లి ప్రసంగాల్లో వినే ‘సాటియైన సహాయము’ సంగతి? నా పెళ్లిలో దాని మీద అరగంట చెప్పారు. అంతా వంట, అణకువ గురించే.

జవాబు: అమ్మా, ఆ ప్రసంగంలో ‘సాటి’ని వదిలేశారు. ఆదికాండము 2:18లో హీబ్రూ మాట ‘ఏజెర్ కెనెగ్దో’. ‘ఏజెర్’ను పాత నిబంధనలో ఎక్కువ చోట్ల దేవుడు చేసే సహాయానికే వాడారు. 121వ కీర్తనలో ‘నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?’ అన్నప్పుడు ఉన్నది ఆ మాటే. సహాయం చేసినందుకు యెహోవా మనిషికంటే తక్కువవాడు కాలేదు కదా! ‘కెనెగ్దో’ అంటే అతనికి ఎదురుగా, సరిసమానంగా నిలిచేది. సాటి మనిషి, సాటిలేని, సాటిరాని అనే మాటల్లో మనం రోజూ పలికే ‘సాటి’ దానికి చక్కగా అమరింది. అనువాదకుడు చేతికి అందించిన మాటను ప్రసంగికులు అందుకోలేదు.

మరొక సభ్యుడు: స్త్రీ పాస్టరు అయితే ఏమని పిలవాలి?

జవాబు: 2013లో ఎగ్గోని పుష్పలలిత గారు నంద్యాల డయాసిస్‌కు (ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం) బిషప్ అయ్యారు. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘంలో తొలి మహిళా బిషప్ ఆమే. ‘బిషప్ గారు’ అంటే చాలు, ‘గారు’కు లింగభేదం లేదు. ‘పాస్టరు గారు’ కూడా అంతే. మీ సంఘంలో స్త్రీ పాస్టరు ఉంటే ఏమని పిలుస్తున్నారో రాయండి. ఆమె భర్తను ఏమంటున్నారో కూడా.