ఇక్కత్ ఉంటే చాలా? కొత్త డిజైనర్ లేబుళ్ల కలెక్షన్ల గురించి ఒక సందేహం

ప్రశ్న: అంచుచీర (హైదరాబాద్)

ఫ్యాషన్ వీక్‌లలో వచ్చే కలెక్షన్లను నేను చాలాకాలంగా శ్రద్ధగా గమనిస్తున్నాను. ఈ రంగంలో నాకు ఉద్యోగమేమీ లేదు. కొనేది తక్కువ, చూసేది ఎక్కువ. చేనేత మీద పనిచేసే కొత్త లేబుళ్ల విషయంలో ఈ మధ్య నాకొక అసంతృప్తి మొదలైంది. దానికి కారణం నా చూపులో ఉందా, ఆ బట్టల్లోనే ఉందా అన్నది తెలిసినవారు చెప్పాలని కోరుతున్నాను.

నాకు నచ్చినవి ముందు చెబుతాను. సంజయ్ గర్గ్ 2008లో మొదలుపెట్టిన రా మ్యాంగో లేబుల్ తొలి చందేరీ చీరల్లో, అప్పటిదాకా ఆ బట్ట మీద మనం చూస్తూ వచ్చిన హడావిడి అంతా పోయి, ఒక చిన్న బుటీ (పువ్వులాంటి చిన్న బొమ్మ), ఒక గాఢమైన రంగు మాత్రమే మిగిలాయి. అందులో ఏమి పెట్టాలన్నదానికంటే ఏమి తీసేయాలన్నదే ఆ డిజైనర్ ఎక్కువగా ఆలోచించినట్లు అనిపిస్తుంది. అనీత్ అరోరా గారి పెరో లేబుల్ దుస్తులు దూరం నుంచి చూస్తే వదులుగా, పొరలు పొరలుగా, కొంత అమాయకంగా కూడా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి బొత్తాన్నీ, లోపలి అతుకునూ, అంచు మడిచిన పద్ధతినీ చూస్తే ఎంత పనితనం దాగి ఉందో అర్థమవుతుంది. రుచికా సచ్‌దేవా గారి బోడిస్ లేబుల్‌లో మగవారి దుస్తుల గీతలను, మడతలను ఆడవారి దుస్తుల్లోకి తెచ్చిన తీరు నాకు మరీ ఇష్టం. 2018లో ఆమెకు వూల్‌మార్క్ బహుమతి (ఉన్ని దుస్తుల డిజైన్‌కు ఇచ్చే అంతర్జాతీయ బహుమతి) వచ్చినప్పుడు నాకు ఆశ్చర్యం కలగలేదు.

ఇక నా ఇబ్బంది. మన నగరంలో జరిగే ప్రదర్శనల్లో కొత్త లేబుళ్ల స్టాళ్లన్నీ ఒకదాని తరువాత ఒకటి చూసుకుంటూ వెళితే, ఇక్కత్ కుర్తా, ఇక్కత్ జాకెట్, ఇక్కత్ షర్టు, మళ్లీ ఇక్కత్ కుర్తా అన్నట్లుగా ఉంటోంది. అవే చదరాలు, అవే మెట్లు మెట్లుగా పేర్చిన వజ్రాకారాలు. మెడ దగ్గరి లేబుల్ తీసేస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. బట్ట అందంగా ఉంది కాబట్టి దుస్తుకూ ఆ అందం దానంతటదే వచ్చేస్తుందని వీరు నమ్ముతున్నట్లుంది. ఇది ఊహాశక్తి లోపమా, లేక వెనుక మనకు కనిపించని కారణమేదైనా ఉందా? ఇటువంటి కలెక్షన్‌ను అంచనా వేసేటప్పుడు మీరు మొదట దేన్ని చూస్తారు?

జవాబు: గుంటమగ్గం (నల్లగొండ)

నేను చేనేత కుటుంబంలో పుట్టినవాడిని. ప్రస్తుతం మగ్గం మీద కూర్చోకపోయినా ఆ పనితో సంబంధం తెగిపోలేదు. మీరు గమనించిన విషయం నిజమే. కానీ దాన్ని కొత్త డిజైనర్ల సోమరితనంగా మాత్రమే చూస్తే సగం కథే తెలుస్తుంది. మిగిలిన సగం పడుగులో, అంటే మగ్గం మీది నిలువు దారాల్లో ఉంది.

ఇక్కత్‌లో రంగు నేతకు ముందే నూలు మీదికి ఎక్కుతుందని మీకు తెలిసే ఉంటుంది. డిజైన్‌ను గళ్ల కాగితం మీద గీసి, ఆ లెక్క ప్రకారం నూలు చుట్టను పట్టీలతో బిగించి కట్టి, రంగులో ముంచి, కట్టు విప్పి, మళ్లీ మరొకచోట కట్టి, మరో రంగులో ముంచుతారు. పేకకు (అడ్డ దారాలకు) చేసే ఇక్కత్ అయితే దీనికంటే ముందు ఆసు పోయాలి, అంటే అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ నూలును అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకే చెయ్యి కొన్ని వేల సార్లు తిరగాలి. ఆ శ్రమతో తల్లి భుజాలు అరిగిపోవడం చూడలేక చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది.

ఇప్పుడు ఒక చిన్న లేబుల్ వచ్చి, తమ సొంత డిజైన్‌లో ఇరవై మీటర్ల బట్ట కావాలని అడిగిందనుకోండి. పడుగును కట్టి రంగులద్దేది ఒక చీర కోసం కాదు, వరుసగా అనేక చీరల పొడవుకు. కొత్త డిజైన్ గీయడం, లెక్క వేయడం, కట్టడం, రంగులు కుదిరేదాకా చూడడం, ఈ ఖర్చంతా ఆ పొడవు మీద పంచుకుంటేనే నేతగానికి గిట్టుబాటు అవుతుంది. ఇరవై మీటర్ల కోసం అంత పని ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకున్నా మీటరు ధర చూసి ఆ లేబుల్ వెనక్కి వెళ్లిపోతుంది. చివరికి మాస్టర్ వీవర్ (నేతగాళ్లతో పని చేయించి బట్ట అమ్మే వ్యాపారి) దుకాణంలో తానులుగా సిద్ధంగా ఉన్నదాన్నే కొంటారు. ఆ తానునే పక్క స్టాల్ వారూ కొని ఉంటారు. మీకు అన్నీ ఒకేలా కనిపించడానికి ప్రధాన కారణం ఇదే.

జాందానీకి ఈ చిక్కు లేదు. అక్కడ పడుగు సాదాగా ఉంటుంది, బొమ్మకు కావలసిన రంగు దారాన్ని నేసేటప్పుడే చేత్తో చొప్పిస్తారు. అందువల్ల ఒకే పడుగు మీద మొదటి చీరకూ మూడవ చీరకూ బొమ్మ పూర్తిగా మార్చవచ్చు. మన హైదరాబాద్ డిజైనర్ గౌరంగ్ షా గారు జాందానీని అంతగా పట్టుకోవడానికి, రవివర్మ చిత్రాలను ఖాదీ చీరల మీదికి ఆ పద్ధతిలోనే తేవడానికి ఈ స్వేచ్ఛ కూడా ఒక కారణమని నా అభిప్రాయం. అయితే నేతకు పట్టే కాలం విపరీతంగా పెరుగుతుంది కాబట్టి ఆ దారి కొత్త లేబుళ్లకు అందేది కాదు.

నా వరకు నేను కొత్త కలెక్షన్ ఎదుట మొదట అడిగేది ఒకటే: ఈ డిజైన్ మీరు కట్టించినదా, దుకాణంలో దొరికినదా? నిజాయితీగా దుకాణంలోదే అని చెప్పి, దానితో తాము ఏమి చేశారో చూపించేవారిని నేను గౌరవిస్తాను. సందర్భం వచ్చింది కాబట్టి మరో మాట. మిల్లు బట్ట మీద ఇక్కత్ డిజైన్‌ను అచ్చువేసి అమ్మేవారూ ఉన్నారు. తిరగేసి చూడండి. అసలైన ఇక్కత్‌కు రెండువైపులా రంగు దాదాపు సమానంగా ఉంటుంది, బొమ్మ అంచులు కొద్దిగా చెదిరినట్లుంటాయి. అచ్చుబట్టకు వెనుక రంగు పాలిపోయి ఉంటుంది.

జవాబు: ఐమూల (విజయవాడ)

పైన చెప్పినదంతా నూలు వైపు నుంచి సరైనదే. కానీ దానితో డిజైనర్లకు పూర్తి మినహాయింపు దొరకదు. నేను కత్తెర వైపు మనిషిని. ప్యాటర్న్ తీయడం, కుట్టించడం నా వృత్తి. ఒకే తాను నుంచి పది మంది పది రకాల దుస్తులు తీయవచ్చు. తీయడం లేదంటే ఆ లోపం పడుగుది కాదు.

ఇక్కత్ దుస్తును చూసేటప్పుడు నా కళ్లు ముందుగా పక్క కుట్టు మీదికి వెళతాయి. ముందు భాగంలోని వజ్రం వెనుక భాగంలోని వజ్రంతో అక్కడ కలుస్తోందా? జేబు కింద డిజైన్ తెగకుండా సాగుతోందా? రెండు చేతుల మీదా బొమ్మ ఒకే ఎత్తులో ఉందా? ఇవన్నీ కుదరాలంటే కత్తిరించేటప్పుడు బట్ట అదనంగా పోతుంది. బొమ్మ ఎంత పెద్దదైతే వృథా అంత ఎక్కువ. పెద్ద డిజైన్ ఎంచుకుని, బట్ట ఆదా చేయడం కోసం ప్యానెళ్లను దొరికిన చోట ఇరికించి కత్తిరించిన కుర్తాలను నేను ఖరీదైన స్టాళ్లలో కూడా చూశాను. అంత పెద్ద బొమ్మ కుదరనప్పుడు చిన్న బొమ్మ ఎంచుకోవచ్చు కదా.

బట్ట స్వభావం మరొకటి. మంగళగిరి బట్ట బిగువైన నేత, ఒళ్లంతా సాదా, అంచు మాత్రం జరీ. ఆ అంచును పాదాల దగ్గర పెట్టడం అందరూ చేసేదే. దాన్ని గుండీల పట్టీగానో, భుజం మీద అతుకుగానో వాడితే దుస్తు మొత్తం మారిపోతుంది. పైగా ఆ అంచు దానంతటదే గట్టిగా ఉంటుంది కాబట్టి అక్కడ వేరే మడత కుట్టనవసరం లేదు. ముతక నూలుతో పలుచగా నేసిన ఇక్కత్‌ను ఒంటికి బిగుతుగా కుట్టితే చంక దగ్గర దారాలు జరిగి అతుకు విచ్చుకుంటుంది. ఒక లేబుల్ వారి జాకెట్ (పేరు అనవసరం) సరిగ్గా ఇలాగే విచ్చుకుని మరమ్మతుకు నా దగ్గరికి వచ్చింది. లోపల లైనింగ్ లేదు, కుట్టు మార్జిన్ పావు అంగుళమే. ఐమూలగా కత్తిరిస్తే చేనేత మరీ సాగుతుంది. అంచు కుట్టే ముందు దుస్తును వేలాడదీసి, సాగవలసినంత సాగనివ్వాలి. గడువు దగ్గరపడిన చిన్న లేబుళ్లు మొట్టమొదట ఎగవేసేది ఈ పనినే.

బోడిస్ మడతల గురించి మీరు రాశారు కాబట్టి చెబుతున్నాను. ఉన్నిలో మడతను ఆవిరితో నిలబెట్టవచ్చు. నూలు బట్టలో మడత ఉతికితే పోతుంది, అందుకే ఎక్కడో ఒకచోట దాన్ని కుట్టి ఆపాలి. ఎక్కడ ఆపాలి, అక్కడి నుంచి బట్టను ఎలా వదిలేయాలి అన్నది నడుమునూ నడకనూ ఎరిగినవారికే తెలుస్తుంది. ఇటువంటి నిర్ణయాలున్న కలెక్షన్‌ను ఒక్క దుస్తు చూసి గుర్తుపట్టవచ్చు. సంగీతం, లైట్లు, మోడళ్లు ఏవీ అవసరం లేదు. దుస్తును హ్యాంగర్‌కు తగిలించి, లోపలి వైపుకు తిప్పి చూడనివ్వమని అడగండి. సంకోచించకుండా తిప్పి చూపించే లేబుల్ మీద నాకు సగం నమ్మకం అక్కడే కుదురుతుంది.

జవాబు: పైటకొంగు (ఎడిసన్, న్యూజెర్సీ)

ఇద్దరి జవాబులనూ కలిపి చదివితే, నాకు చాలాకాలంగా ఉన్న ఒక సందేహం తీరినట్లయింది. పారిస్ వరకు వెళ్లిన మన డిజైనర్లలో ఎక్కువమంది నేత కంటే ఎంబ్రాయిడరీనే ఎందుకు నమ్ముకున్నారన్నది ఆ సందేహం.

రాహుల్ మిశ్రా గారిని చూడండి. 2006లో లాక్మే ఫ్యాషన్ వీక్‌లో ఆయన తొలి కలెక్షన్ కేరళ చేనేత ముండు (పంచె) బట్టతో, రెండువైపులా వేసుకోదగిన దుస్తులతో వచ్చింది. 2014లో వూల్‌మార్క్ బహుమతి గెలిచిన తొలి భారతీయుడు అయినప్పుడు ఆయన చేతిలో ఉన్నది మెరినో ఉన్ని, దాని మీద చేతి ఎంబ్రాయిడరీ. 2020 జనవరిలో పారిస్ ఓట్ కుట్యూర్ వీక్‌లో (అత్యున్నత స్థాయి చేతిపని దుస్తుల ప్రదర్శనల్లో) ప్రదర్శించిన తొలి భారతీయ డిజైనర్‌గా నిలిచేనాటికి ఆయన పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చేది పూలు, ఆకులు, పక్షులు బట్ట మీద నుంచి లేచి నిలబడినట్లుండే ఎంబ్రాయిడరీయే. కారణం ఇప్పుడు తేలికగానే అర్థమవుతోంది. ఎంబ్రాయిడరీకి కనీస పడుగు పొడవు అనే షరతు లేదు. ప్యాటర్న్ గీత గీసిన తరువాత, ఆ గీత లోపలే, ఎక్కడ కావాలో అక్కడే పని చేయించవచ్చు. ఒకే ఒక్క గౌను కోసం కూడా చేయించవచ్చు. బొమ్మ పక్క కుట్టు దగ్గర తెగుతుందన్న భయం కూడా ఉండదు, ఎందుకంటే కుట్టు వేశాక దాని మీదుగా మళ్లీ సూది నడపవచ్చు. 2023 మార్చి 30న ముంబైలో గేట్‌వే ఆఫ్ ఇండియా ఎదుట డియోర్ చేసిన ప్రదర్శనలో కూడా ముందుకు వచ్చింది ముంబైలోని చాణక్య అనే ఎంబ్రాయిడరీ సంస్థ వారి చేతిపనే కదా.

దీనికి మినహాయింపు వైశాలి షడంగులే గారు. 2021లో పారిస్ కుట్యూర్ వీక్‌కు వెళ్లినప్పుడు కూడా ఆమె చేనేతను వదలలేదు. ఆ బట్టను నాళాలుగా, అలలుగా చుట్టి ఒక శిల్పంలాంటి రూపం తెచ్చారు. నిజం చెప్పాలంటే ఆమె దుస్తులన్నీ నాకు నచ్చవు, కొన్ని మరీ బరువుగా అనిపిస్తాయి. కానీ నేసిన బట్టకు ఒక కొత్త ఆకారం వెతకడమే ఆమె పని అని మాత్రం చూడగానే తెలుస్తుంది.

కొత్తవారిలో నా దృష్టిని ఆకర్షించినది మగవారి దుస్తులు చేసే కార్తీక్ రీసెర్చ్. 2021లో మొదలైన ఈ లేబుల్ 2023లో ఎల్‌వీఎంహెచ్ ప్రైజ్ (కొత్త డిజైనర్లకు ఇచ్చే అంతర్జాతీయ బహుమతి) సెమీ ఫైనల్ వరకు వెళ్లింది. చేత్తో వడికిన నూలు, సహజ రంగులు, చేతి కుట్టు వీరి బలం. చేనేత తక్కువ పరిమాణంలోనే వస్తుందన్న ఇబ్బందిని వీరు దాచుకోలేదు. ఏ రెండు షర్టులూ ఒకేలా ఉండవన్నదాన్నే కొనేవారికి ఒక ఆకర్షణగా మార్చుకున్నారు. ధరలు మాత్రం ఇక్కడి జీతాలకు కూడా ఆలోచించుకుని కొనవలసినవే. ఆకారాలలో పెద్ద సాహసం లేదని, అంతా వదులైన షర్టులూ ప్యాంట్లేనని ఐమూల గారు అనవచ్చు. ఆ బట్టకు ఆ మాత్రం వదులు అవసరమేనని నాకనిపిస్తుంది.

అంచుచీర (ప్రశ్న అడిగినవారు)

ముగ్గురికీ ధన్యవాదాలు. దుకాణంలోని తానుల సంగతి నేను ఊహించలేదు. గుంటమగ్గం గారూ, ఒక చిన్న ప్రశ్న. తక్కువ డబ్బుతో సొంత డిజైన్ కావాలనుకునే కొత్త లేబుల్‌కు ఇక్కత్‌లో అసలు దారే లేదంటారా?

జవాబు: గుంటమగ్గం (నల్లగొండ)

ఉంది. పడుగును సాదాగా ఉంచి, పేకకు మాత్రమే ఇక్కత్ కట్టించుకోవచ్చు. అప్పుడు ఒకే పడుగు మీద కొన్ని మీటర్లకు ఒక డిజైన్, మరికొన్ని మీటర్లకు మరొకటి నేయించవచ్చు. పైగా బొమ్మను ఒంటినిండా పరచకుండా, కుర్తాకు కావలసినచోట ఒక పట్టీగా మాత్రమే వచ్చేలా లెక్క వేయించుకుంటే కట్టే పనీ తగ్గుతుంది, ఐమూల గారు చెప్పిన పక్క కుట్టు సమస్యా తగ్గుతుంది. దీనికి డిజైనర్ ముందే ప్యాటర్న్‌ను చేతిలో పెట్టుకుని మగ్గం దగ్గరికి రావాలి. ప్రస్తుతం చాలామంది బట్ట కొన్న తరువాతే ప్యాటర్న్ గురించి ఆలోచిస్తున్నారు.

తేలియా రుమాల్ సంగతి మాత్రం వేరు. అది చదరంగా, నాలుగువైపులా అంచుతో, దానికదే పూర్తయిన వస్త్రం. పుట్టపాక తేలియా రుమాల్‌కు 2020లో జీఐ గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తికి ఇచ్చే అధికారిక గుర్తింపు) వచ్చింది. దానితో జాకెట్లు కూడా కుడుతున్నారు. నూనె పట్టించి, ఎన్నో రోజులు నూలును సిద్ధం చేసిన ఆ చదరాన్ని అడ్డంగా కోయడం నాకు మింగుడుపడదు. కత్తెర పెట్టకుండా, చదరాన్ని చదరంగానే ఉంచి, మడతలతోనూ ముడులతోనూ దుస్తుగా మార్చిన లేబుల్ ఏదైనా మీ కంటపడితే దయచేసి ఇక్కడ తెలియజేయండి.