గల్యార్డీ పద్ధతి మన కబడ్డీకి పనికొస్తుందా?

బెజవాడ_రైడర్: అమెరికన్ ఫుట్‌బాల్ కోచ్ జాన్ గల్యార్డీ ప్రాక్టీసులో ట్యాక్లింగే (ఎదుటివాణ్ణి పట్టి పడెయ్యడం) పెట్టలేదట. మరి అన్ని మ్యాచ్‌లు ఎలా గెలిచారన్నా? మన కాలేజీ కబడ్డీ జట్టుకి పనికొస్తుందా?

గుంటూరు_పీఈటీ: నిజమే తమ్ముడూ. మోంటానాలోని కారల్ కాలేజీలో నాలుగు సీజన్లు, తర్వాత మిన్నెసోటాలోని సెయింట్ జాన్స్ యూనివర్సిటీలో 1953 నుంచి 2012 దాకా కోచ్‌గా ఉన్నారు. మొత్తం 489 గెలుపులు, కాలేజీ ఫుట్‌బాల్‌లో అదే రికార్డు. 1963, 1965, 1976, 2003లో జాతీయ టైటిళ్లు. విజిల్ ఊదేవారు కాదు, ప్రాక్టీసు గంటన్నర దాటనిచ్చేవారు కాదు, వచ్చిన కుర్రాణ్ణి జట్టులోంచి తీసేసేవారు కాదు. పిల్లలు కూడా ‘కోచ్’ అనకుండా ‘జాన్’ అనే పిలిచేవాళ్లు! దెబ్బల్లేని ఒళ్లుతో మ్యాచ్‌కి దిగడమే అసలు లాభం.

కృష్ణలంక_కార్నర్: కబడ్డీకి ఉన్నదున్నట్టు కుదరదండి. చీలమండ పట్టు చేతికి అలవాటవ్వాలి. వారానికి రెండు రోజులు పూర్తి పట్టు, మిగతా రోజులు నడక వేగంలో 30 సెకన్ల రైడ్లు చాలు. రైడర్ బరువు ముందు కాలి మీద పడ్డప్పుడే కార్నర్ (అంచున నిలబడే డిఫెండర్) కదలాలి. తొందరపడి ముందే దూకితే డిఫెండర్లు చేతులు పట్టుకుని కట్టిన గొలుసులో చెయ్యి వదిలేస్తాడు, ఆ సందులోంచి రైడర్ జారిపోతాడు. నడక వేగంలోనే ఈ తప్పు కళ్లకి కడుతుంది.

గుంటూరు_పీఈటీ: మే నెల ఎండల్లో మాత్రం ఆ గంటన్నర కూడా ఎక్కువే, గంటకి ఆపెయ్యి.