ఫ్రాంజెలికోను విడిగా సేవించాలా, కాఫీలో కలపాలా?

చర్చ ప్రారంభించినవారు:
ఇటలీ వాయవ్యాన పియెమోంతె ప్రాంతంలోని కనాలే పట్టణానికి చెందిన ఫ్రాంజెలికో అనే హేజెల్‌నట్ లికర్‌ను (తీపి మద్యాన్ని) భోజనానంతరం చిన్న గ్లాసులో విడిగా సేవించడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. సుమారు మూడు శతాబ్దాల క్రితం ఆ కొండల్లో నివసించాడని చెప్పే సన్యాసి పేరు పెట్టుకున్న పానీయాన్ని కాఫీలో పోయడం ఆ సంప్రదాయాన్ని చిన్నబుచ్చడమే. సభ్యులు ఏమంటారు?

మొదటి స్పందన:
నేను ఏకీభవిస్తున్నాను. కాఫీ చేదు ముందు హేజెల్‌నట్ వాసన నిలవదు.

రెండవ స్పందన:
సంప్రదాయం పేరుతో చేసిన వాదనను నేను అంగీకరించలేను. సన్యాసి అంగీని, నడుముకు కట్టిన తాడును తలపించే ఆ సీసా ఎంత ముచ్చటగా ఉన్నా, ఫ్రాంజెలికో విపణిలోకి వచ్చినది 1978లో మాత్రమే. దాని తయారీని గమనించినా నా మాటకే బలం చేకూరుతుంది: వేయించిన హేజెల్‌నట్ గింజలను మద్యసారంలో నానబెట్టి, స్వేదనం చేసి, ఆపైన కోకో, వెనిలాలతో పాటు కాఫీ సారాన్ని కూడా చేరుస్తారు. కాఫీ దానిలో మొదటినుంచీ ఉన్నదే కనుక, ఎస్ప్రెస్సో అనే చిక్కని కాఫీలో కలిపితే పరాయి రుచి వచ్చి చేరినట్లు కాదు. హేజెల్‌నట్‌ను చాకొలెట్‌తో నూరి జందూయాగా మలచిన తురీన్ నగరం ఉన్నది కూడా పియెమోంతెలోనే. వేయించిన గింజకు చేదు తోడైతే ఎంత బాగుంటుందో అక్కడివారికి ఎవరూ నేర్పనక్కరలేదు.

విడిగా సేవించవలసిన గింజ లికర్ ఏదైనా ఉంటే అది మోదెనా ప్రాంతపు నోచీనో అని నేనంటాను. జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండుగ వేళకు, పెంకు ఇంకా గట్టిపడని పచ్చి వాల్‌నట్ కాయలను కోసి, ముక్కలు చేసి, చక్కెరతో మద్యసారంలో ఊరబెడతారు. చాలా ఇళ్లలో లవంగం, దాల్చినచెక్క కూడా వేస్తారు. నల్లగా, వగరుగా, ఫ్రాంజెలికోకు దాదాపు రెట్టింపు ఘాటుతో తయారయ్యే ఆ పానీయానికి నిజంగానే తరతరాల ఇంటి ఆచారం ఉన్నది. అయినా దానిని వెనిలా జెలాటో (ఇటలీ ఐస్‌క్రీం) మీద పోసుకొని తినడానికి ఇటలీవారు వెనుకాడరు.

చర్చ ప్రారంభించినవారు:
ఫ్రాంజెలికో వయస్సు విషయంలో మీరు చెప్పినది సబబే కావచ్చు గాని, నా అభ్యంతరం రుచికి సంబంధించినది కూడా. హోటళ్లలో పాలు, చక్కెర, మీగడ వేసిన కాఫీలో దీనిని ధారగా పోస్తే మిగిలేది తీపి ఒక్కటే. దానికంటే ఐసు ముక్కలపై పోసి లైమ్ రసం పిండితే హేజెల్‌నట్ రుచి స్పష్టంగా తెలుస్తుంది.

రెండవ స్పందన ఇచ్చినవారు:
లైమ్ విషయంలో మీతో నాకు భేదం లేదు. 20 శాతం మద్యసారమే ఉండి, తీపి దండిగా ఉన్న పానీయానికి పులుపు తోడు కావలసిందే. అందుకే ఏమీ కలపకుండా, చల్లబరచకుండా సేవించడం అన్నింటికంటే బలహీనమైన పద్ధతి అని నా నిశ్చితాభిప్రాయం. కాఫీ విషయానికి వస్తే, మీరు వర్ణించిన పాల కాఫీని నేను సమర్థించడం లేదు. చక్కెర వేయని ఒక ఎస్ప్రెస్సోలో, దించిన తరువాత, రెండు మూడు చెంచాల ఫ్రాంజెలికో చాలు. కాఫీతో పాటు మరిగిస్తే వాసన ఆవిరైపోతుంది. అతిథులకు ఇచ్చేటప్పుడు మాత్రం ముందుగా చెప్పి తీరాలి, ఎందుకంటే హేజెల్‌నట్ పడనివారికి కప్పులో అది కలిసి ఉన్నట్లు చూపుకు తెలియదు.