నాటు కోళ్లను మళ్లీ మొదలుపెట్టవచ్చా? (అనంతపురం జిల్లా)

ప్రశ్న: కళ్యాణదుర్గం రైతుబిడ్డ

మాది కళ్యాణదుర్గం దగ్గర మెట్ట వ్యవసాయం. మూడేళ్లుగా ఇంటి దొడ్డిలో నాటు కోళ్లను పెంచుకుంటున్నాము. పోయిన ఏప్రిల్‌లో యాభై రెండు కోళ్లు ఉండగా, ఒక సాయంత్రం ఒక పెట్ట మెడను మెలితిప్పుకొని, నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ గోడ పక్కన కూలబడింది. పచ్చగా పారుకోవడం కూడా చూశాము. ఐదు రోజులు తిరిగేసరికి తొమ్మిది మాత్రమే మిగిలాయి. టీకా వేయలేదా అంటారేమో, వేశాము. టౌనులోని ఒక దుకాణంలో సీసా కొని తెచ్చి మా చేతులతోనే చుక్కలు వేశాము. ఇక వద్దని మా అమ్మ అంటోంది. అయితే తెల్లవారి గంప ఎత్తగానే కాళ్ల చుట్టూ మూగే కోడిపిల్లలు లేక దొడ్డి బోసిపోయిందని బాధపడుతున్నదీ ఆమే. మళ్లీ మొదలుపెడితే ఎక్కడ జాగ్రత్తపడాలి? వనరాజా అనే మేలురకం కోడిపిల్లలను తెచ్చుకోవడం మేలా?

జవాబు: కర్నూలు నుంచి, పశువైద్యశాలలో పనిచేసి విరమించినవాడిని

మీరు చెప్పినవి కొక్కెర తెగులు లక్షణాలే. రాణీఖేత్ అన్నా అదే. అది సోకిన తరువాత మందు లేదు, ముందుగా వేసే టీకా ఒక్కటే దారి. ఈ తెగులుకు చుక్కలుగా వేసే లసోటా అనే టీకాలో ఉండేది బతికున్న క్రిమి కనుక, దానిని 2 నుంచి 8 డిగ్రీల చలిలో ఉంచకపోతే సీసా చూడటానికి మామూలుగానే ఉన్నా లోపలి బలం పోతుంది. దుకాణంవారు దానిని ఐస్‌లో పెట్టి ఇచ్చారా? పిల్లలకు 5 నుంచి 7 రోజుల మధ్య కంట్లో గాని ముక్కులో గాని ఒక చుక్క, 28వ రోజున మరొక చుక్క, ఎనిమిదో వారంలో ఇదే తెగులుకు ఆర్‌2బి అనే మరో టీకాను సూదితో వేయాలి. టీకాను ద్రవంలో కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. సీసాలో వంద కోళ్లకు సరిపడా టీకా ఉంటుంది, మీకున్నవి తొమ్మిది. కాబట్టి వీధిలోని నాలుగైదు ఇళ్లవారు ఒకే రోజు వేసుకుంటే డబ్బూ కలిసివస్తుంది, పక్కింటి కోళ్ల నుంచి తెగులు వచ్చే భయమూ తగ్గుతుంది. సంతలో కొన్న కోడిని రెండు వారాలు విడిగా ఉంచనిదే మందలో కలపకండి.

కళ్యాణదుర్గం రైతుబిడ్డ

ఐస్ లేదండి. ఉత్త ప్లాస్టిక్ కవరులో ఇచ్చారు. ఏప్రిల్ ఎండలో గంటసేపు చొక్కా జేబులోనే పెట్టుకొని బండి మీద వచ్చాను. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే కోపం వస్తోంది.

జవాబు: కడప గృహిణి

హైదరాబాదు రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రంలో రూపొందించిన వనరాజా త్వరగా బరువు పెరుగుతుంది, నాటు పెట్టకంటే ఎక్కువ గుడ్లు పెడుతుంది. కానీ అది పొదగదు. మళ్లీ పిల్లలు కావాలంటే మళ్లీ కొనవలసిందే. అందుకే నేను వనరాజా గుడ్లను కూడా నాటు పెట్ట కిందే పెడతాను. ఏడో రోజు రాత్రి, చీకటిలో గుడ్డు వెనుక ఫోన్ లైటు పట్టి చూస్తే, సాలెగూడులా అల్లుకున్న ఎర్రని నరాల మధ్య చిన్న చుక్క కదులుతుంది; అది కనిపించని గుడ్డును తీసేస్తాను. మా అత్తగారు ఇప్పటికీ దీనిని నమ్మరు, చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూస్తారు! 21 రోజులూ ఆ పెట్ట మేతకు తప్ప లేవదు. ఇక ఎండ సంగతి. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పడమే దానికున్న ఉపాయం. వేపచెట్టు నీడలో మట్టి మూకుళ్లు పెట్టి, మధ్యాహ్నం నీళ్లు మార్చండి.

జవాబు: తాడిపత్రి నుంచి

మనది వేరుశనగ సీమ కాబట్టి ఒక మాట. బూజు పట్టిన కాయలను, నూనె తీయగా మిగిలిన చెక్కను మనుషులకు పనికిరావని కోళ్లకు వేసే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆ బూజులోని అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోగా, వెతికితే కారణం మేతలోని వేరుశనగ పిండి అని తేలింది. ఆ విషం సంగతి బయటపడింది అలాగే. ఉడకబెట్టినా అది పూర్తిగా పోదు. సజ్జలు, జొన్న నూకలు వేయండి, చెక్క వేస్తే తాజాది వేయండి.

కళ్యాణదుర్గం రైతుబిడ్డ

అందరికీ కృతజ్ఞతలు. ఉన్న తొమ్మిదింటిలో రెండు పెట్టలు పొదుగుకు వచ్చాయి, నిన్ననే పదకొండేసి గుడ్లు పెట్టాము. వీధిలో మరో మూడు ఇళ్లవారు టీకాకు ఒప్పుకున్నారు. ఈసారి ఐస్ డబ్బా తీసుకొని వెళతాను. మూలనున్న బూజు చెక్కను మాత్రం అమ్మ ఇంకా పారేయనివ్వడం లేదు.