రొయ్యల వేపుడు రబ్బరులా వస్తోంది, తప్పు ఎక్కడ?

హన్మకొండ కోడలు:
కోడి, మటన్, చెరువు చేప అంటే చేయి తిరిగింది గానీ పచ్చి రొయ్యలు మా అమ్మగారింట్లో ఎప్పుడూ వండలేదు, వండితే ఎండు రొయ్యలే, అవీ వంకాయలోనో చింతచిగురులోనో. ఆదివారం అరకిలో తెచ్చి, ఉప్పు, కారం, అల్లం ఎల్లిగడ్డ పట్టించి గంట పక్కన పెట్టి, అన్నీ ఒకేసారి పెనం మీద వేశాను. కాసేపటికే పెనం నిండా నీళ్లు! అవి ఇంకేదాకా ఇరవై నిమిషాలు వేపితే ముక్కలు ముడుచుకుపోయి రబ్బరయ్యాయి, మసాలా అడుగున మాడి నల్లగా అంటుకుంది. మా ఆయన ఒకటే నమిలి నమిలి నా మొహం చూస్తాడు. పైగా తల, పొట్టు తీశాక మిగిలింది చిన్న గిన్నెడే, తూకంలో మోసపోయానా?

ఇనుప పెనం:
మోసం కాదు చెల్లె, తలతో తూస్తే దాదాపు సగం పోతుంది. ఈసారి కౌంట్ అడుగు, 40 కౌంట్ అంటే కిలోకు 40 వస్తాయి, వేపుడుకు ఆ సైజు బాగుంటుంది, 100 కౌంట్‌వి కూరకే.

అసలు సంగతి నీళ్లు. ఉప్పు పట్టించి గంట ఉంచితే అదే నీళ్లు లాగుతుంది, పది నిమిషాలు చాలు. కడిగాక పాత నూలు గుడ్డ మీద పరిచి, పైన ఇంకో గుడ్డ వేసి అద్దు, చేత్తో పట్టుకుంటే జారకూడదు. పెనం బాగా కాలాక పల్లి నూనె రెండు చెంచాలు, రొయ్యలు ఒకదానికొకటి తగలకుండా సగమే వెయ్యి, మిగతా సగం రెండో వాయి. ఒక్కో వైపు నిమిషం, నిమిషంన్నర, మధ్యలో కెలకొద్దు. కొడవలిలా వంగితే దించెయ్, సున్నాలా చుట్టుకుంటే ఆలస్యమైనట్టే. ఎల్లిగడ్డ తొందరగా మాడుతుంది కాబట్టి అల్లం ఎల్లిగడ్డ, కల్యమాకు, కారం తర్వాత అదే నూనెలో సన్న మంట మీద వేపి, రొయ్యలు మళ్లీ వేసి ఒక్కసారి కలిపితే సరి.

మానేరు పక్కోణ్ని:
అన్నా, నువ్వు చెప్పింది తాజా సరుకుకు. భీమవరం వైపు నుంచి ఐస్ మీద మన దాకా వచ్చేసరికి కొంచెం నీచు ఉంటుంది, ఉత్తగా వేపితే నాకు పడదు. మా ఇంట్లో పసుపు, ఉప్పు వేసి నూనె లేకుండా రెండే నిమిషాలు వేడి చేస్తారు, నీళ్లు వదలగానే రొయ్యలు పక్కకు తీసి, ఆ నీళ్లను మసాలాలో పోసి ఇగరబెడతారు, రొయ్యలు చివర్న పడతాయి. రుచి ఆ నీళ్లలోనే ఉంటుంది, పారబోయకండి. వీపు మీద నల్ల నరం తీశారా అక్కా? అది ఉంటే ఇసుక తగులుతుంది. మన రిజర్వాయర్లలో వదిలే నీలకంఠ రొయ్య దొరికితే గ్రాములు లెక్క పెట్టకండి, దానికి తలకాయే పెద్దది.

హన్మకొండ కోడలు:
నరం అంటే ఇదా, నేను తియ్యనే లేదు తమ్మీ! నిన్న మళ్లీ పావుకిలో తెచ్చి అన్న చెప్పినట్టు గుడ్డతో అద్ది చేశాను. మొదటి వాయికి పెనం చాలినంత కాలలేదు, కొంచెం నీళ్లూరాయి, రెండో వాయి మాత్రం వేయగానే చుర్రుమంది, అంచులు ఎర్రగా వేగి లోపల మెత్తగా వచ్చింది. పచ్చిపులుసుతో తిన్నాం. ఆ గుడ్డ నీచు వాసన మాత్రం సర్ఫ్‌లో రెండుసార్లు నానబెట్టినా పోవట్లేదు, దానికేదైనా ఉపాయం ఉందా?

ఇనుప పెనం:
నిమ్మచెక్క రుద్ది ఎండలో వెయ్యి. పోకపోతే ఇక దాన్ని రొయ్యల గుడ్డ అనుకో.