అప్‌డేట్: 180 లీటర్ల లెక్క తేలింది

మొన్న నేనడిగింది ఇదీ: కిడ్నీలు రోజుకు దాదాపు 180 లీటర్లు వడపోస్తాయంటారు, మరి మూత్రం లీటరున్నర, రెండు లీటర్లే వస్తుందేం? జవాబిచ్చిన అందరికీ థాంక్సండీ, ఇప్పుడు అర్థమైంది.

నేను 180 లీటర్లూ వేరే నీళ్లనుకున్నాను. ఒంట్లో ప్లాస్మా, అంటే రక్తంలోని ద్రవభాగం, ఉండేదే సుమారు 3 లీటర్లు. అదే తిరిగి తిరిగి రోజుకు 60 సార్లు వడపోతకు వస్తుందన్నమాట.

నిన్న రాత్రి నెఫ్రాన్, అంటే కిడ్నీలో వడపోత చేసే చిన్న యూనిట్, బొమ్మ గీసుకున్నాను. గ్లోమెరులస్ అనే సన్నటి రక్తనాళాల ఉండలో రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు ఆగిపోతాయి. నీరు, ఉప్పు, గ్లూకోజ్, యూరియా దిగిపోతాయి. ఆ పక్కనే మెలికలు తిరిగిన నాళిక మొదటి భాగంలోనే మూడింట రెండు వంతుల నీరు, ఆరోగ్యవంతుల్లో గ్లూకోజ్ దాదాపు మొత్తం, మళ్లీ రక్తంలోకి. పెన్సిల్‌తో బాణాలు పెడుతుంటే బయటికి పోయేవాటి కన్నా వెనక్కొచ్చేవే ఎక్కువయ్యాయి! చివర్లో ఎంత నీరు ఆపాలో ఏడీహెచ్ హార్మోన్ చూసుకుంటుంది. నీళ్లు తక్కువ తాగిన రోజు మూత్రం ముదురు పసుపులో రావడం అందుకే.

మూత్రాశయం నిండినా మూత్రం పైకి ఎగదన్నదేం అని కూడా అడిగాను కదా. కిడ్నీల నుంచి వచ్చే మూత్రనాళాలు దాని గోడలోకి ఏటవాలుగా దిగుతాయట, నిండేకొద్దీ ఆ ఒత్తిడికే నొక్కుకుని మూసుకుంటాయి.