చిన్న పట్టణాలకు కచేరీలు ఎందుకు రావడం లేదు?

ప్రశ్న – చిన్న ఊరి శ్రోత

పెద్ద నగరాలకు దూరంగా ఉండేవారికి కళాకారుల ఎదుట కూర్చుని సంగీతం వినే అవకాశం చాలా అరుదుగా, అదీ ఏదో ఒక ఉత్సవం పేరిట మాత్రమే దొరుకుతోంది. ఫోనులో ప్రపంచ సంగీతమంతా వినవచ్చన్న మాట నిజమే కానీ, గాయకుడు శ్రోతల స్పందనను గమనించి ఒక పంక్తిని మళ్లీ మళ్లీ కొత్తగా విస్తరించడం, పక్కవాద్యం ఆ క్షణంలోనే దానికి జవాబివ్వడం ఎదురుగా ఉన్నవారికే అందుతాయి. చిన్న ఊళ్లలో వినేవారు లేరని నిర్వాహకులు అంటుంటారు. అయితే ఆ ఊళ్ల నుంచే గంటల తరబడి ప్రయాణించి నగరాలకు వెళ్లి వినేవారు ఉన్నారు కదా. లోపం నిజంగా శ్రోతల్లోనే ఉందా?

జవాబు – కచేరీల నిర్వాహకుడు

శ్రోతలు లేరన్నది సగం నిజం కూడా కాదు. అసలు చిక్కు ఖర్చు స్వభావంలో ఉంది. విలియం బామోల్, విలియం బోవెన్ అనే ఆర్థికవేత్తలు 1966లోనే దీన్ని వివరించారు: నలుగురు వాయించవలసిన రచనకు రెండు వందల ఏళ్ల క్రితం ఎంతమంది, ఎంతసేపు కావలసి వచ్చిందో నేటికీ అంతే కావాలి. మిగతా రంగాల్లో యంత్రాల వల్ల ఉత్పాదకత పెరిగి, దాంతోపాటు జీతాలూ పెరుగుతుంటే, కచేరీలో మాత్రం ఖర్చే పెరుగుతుంది. పైగా ప్రయాణం, బస, సౌండ్ సిస్టమ్ అద్దె 80 మంది వచ్చినా 800 మంది వచ్చినా దాదాపు మారవు.

అందువల్ల ఒక చిన్న ఊరు ఒంటరిగా ఒక బృందాన్ని పిలిపిస్తే నష్టపోయే అవకాశమే ఎక్కువ. ఒకే దారిలో ఉన్న నాలుగైదు ఊళ్ల వారు ముందుగా మాట్లాడుకుని, నగరంలో వారాంతపు కచేరీకి వెళ్లే బృందాన్ని ఆ వారం మధ్య రోజుల్లో వరుసగా ఆహ్వానిస్తే, ప్రయాణ ఖర్చు అందరికీ పంచబడుతుంది, కళాకారులకూ ఖాళీ రోజులు ఆదాయంగా మారతాయి.

జవాబు – సౌండ్ ఇంజనీరు

ఖర్చు గురించి చెప్పినది సరైనదే, అయితే చోటు గురించి కూడా ఆలోచించాలి. చిన్న ఊళ్లలో సభలకూ వేడుకలకూ కట్టిన పెద్ద హాళ్లనే కచేరీలకు ఇస్తారు. నున్నటి గోడలు, ఎత్తైన పైకప్పు వల్ల అక్కడ ధ్వని రెండు మూడు సెకన్ల పాటు మారుమోగుతూ పాటలోని మాటలను మింగేస్తుంది. దాన్ని కప్పిపుచ్చాలని ఇంకా పెద్ద స్పీకర్లు తెస్తే ప్రతిధ్వని మరింత పెరుగుతుంది. వంద మంది కూర్చునే గ్రంథాలయపు గదిలో, మందపాటి తెరలు వేసి, గాత్రానికీ తంత్రీ వాద్యాలకూ మైకు లేకుండానే, లేదా ఒకటి రెండు మైకులతోనే కచేరీ చేయవచ్చు. మైకులు పెట్టేటట్లయితే ఎర్తింగు సరిగా ఉందో లేదో ముందు రోజే చూసుకోవాలి. అది చెడితే కరెంటు పౌనఃపున్యాన్ని బట్టి 50 లేదా 60 హెర్ట్జ్‌ల దగ్గర మొదలయ్యే ఝుంకారం కచేరీ అంతటా వెంటాడుతుంది.

జవాబు – సాంస్కృతిక విధానాల పరిశీలకురాలు

ఊళ్లను కలిపే ఆలోచన మంచిదే కానీ, అది సాధారణంగా ఒక్క ఉత్సాహవంతుడి భుజాల మీద నడిచి, ఆయన అలసిపోయిన రోజున ఆగిపోతుంది. నిలకడగా ఉండాలంటే సంస్థ గానీ, స్థిరమైన నిధి గానీ కావాలి. భారతదేశంలో 1977లో కిరణ్ సేఠ్ ప్రారంభించిన స్పిక్ మెకే స్వచ్ఛంద కార్యకర్తల బలంతో శాస్త్రీయ సంగీతాన్ని విద్యాసంస్థలకు తీసుకువెళుతోంది. అదే ఏడాది బ్రిటన్‌లో యెహుదీ మెనుహిన్, ఇయాన్ స్టౌట్జ్‌కర్ స్థాపించిన లైవ్ మ్యూజిక్ నౌ యువ కళాకారులను వృద్ధాశ్రమాలకూ ప్రత్యేక పాఠశాలలకూ పంపుతుంది. ఫ్రాన్స్‌లో జనరంజక సంగీత ప్రదర్శనల టికెట్ల రాబడిపై 3.5 శాతం పన్ను ఉంది; 2020లో ఏర్పడిన జాతీయ సంగీత కేంద్రం ఆ సొమ్ములో కొంత భాగాన్ని ప్రదర్శనలకు తోడ్పాటుగా ఇస్తుంది. పెద్ద వేదికలపై వెలిగే కళాకారుల్లో చాలామంది చిన్న గదుల్లోనే రాటుదేలారు కాబట్టి, పెద్ద వేదికల రాబడిలో కొంత చిన్న వాటికి చేరడం న్యాయమే అని నా దృఢమైన అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. గ్రంథాలయపు గదితో ప్రారంభించి, పొరుగు ఊళ్ల వారితో మాట్లాడాలని అనుకుంటున్నాను. మొదటి కచేరీకి ప్రవేశం ఉచితంగా ఉంచడం మంచిదా?

జవాబు – కచేరీల నిర్వాహకుడు

వద్దండీ. ఎంత తక్కువైనా సరే, టికెట్టు పెట్టి ముందుగానే అమ్మండి. ఉచితమన్నప్పుడు వస్తామన్నవారిలో ఎందరు నిజంగా వస్తారో తెలియదు. టికెట్టు కొన్నవారి సంఖ్యను బట్టి పొరుగు ఊళ్ల వారితో ఖర్చు పంపకం ఖాయం చేసుకోవచ్చు. విద్యార్థులకు మాత్రం కొన్ని సీట్లు విడిగా కేటాయించండి.